కొత్త కోచ్ ఏ ఆట ఆడారన్నది ఒక్కటే చాలదు



పాప జిమ్నాస్టిక్స్ క్లాసుకు కొత్త కోచ్ వచ్చారు. ఆయన ఆడింది కబడ్డీ అనో, అథ్లెటిక్స్ అనో తెలియగానే "మరి జిమ్నాస్టిక్స్ ఏం నేర్పుతారు?" అన్న అనుమానం వస్తుంది. అది సహజమే. తల కిందకి, కాళ్లు పైకి వెళ్లే ఆట ఇది. పొరపాటు జరిగితే మెడకో, మణికట్టుకో దెబ్బ తగులుతుంది. కానీ ఆ ఒక్క ప్రశ్నతోనే కోచ్‌ని తేల్చేయకూడదని నా అభిప్రాయం.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్ల నాడియా కొమెనెచ్ పదికి పది మార్కులు సాధించింది. ఆమెకు శిక్షణ ఇచ్చిన బేలా కారోలీ కుర్రతనంలో బాక్సింగ్, హ్యామర్ త్రో చేసినవారు. కాబట్టి వేరే ఆట నుంచి వచ్చినవారు నేర్పలేరని అనలేం. అయితే ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో కొందరు, ఆయన తమతో మరీ కఠినంగా ప్రవర్తించారని తర్వాత బహిరంగంగా చెప్పారు. అంటే పతకాలు చూసి కూడా నమ్మేయలేం.

అందుకే ఒక రోజు క్లాసులో అరగంట కూర్చోండి. పిల్లిమొగ్గ, గోడ సాయంతో చేతుల మీద నిలబడటం బాగా వచ్చాకే తర్వాతి మెట్టుకు తీసుకెళ్తున్నారా? కింద మ్యాట్ ఉందా? కొత్తది చేయించేటప్పుడు పక్కనే ఉండి పట్టుకుంటున్నారా? ఎక్కడ పట్టుకుంటారో, ఎందుకో పాపకు ముందే చెబుతున్నారా? స్ప్లిట్స్ కోసం భుజాలు నొక్కి కిందకి తోస్తుంటే మాత్రం అక్కడే ఆపమనండి.

కోచ్‌ని నేరుగా అడగండి: "సార్, జిమ్నాస్టిక్స్‌లో మీరు ఏ ట్రైనింగ్ తీసుకున్నారు?" పాటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా లాంటిది ఉంటే మంచిదే. "బ్యాక్ ఫ్లిప్ నాకు రాదండి, సీనియర్ కోచ్ ఉన్నప్పుడే చేయిస్తాం" అనేవారిని నేను నమ్ముతాను. "అన్నీ నాకు వదిలేయండి" అనేవారి దగ్గర జాగ్రత్తగా ఉంటాను.

క్లాస్‌రూమ్‌లోనూ ఇంతే. టీచర్‌కి ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా, తప్పు మాట్లాడితే నవ్వుతారని తెలిస్తే పిల్లలు నోరు విప్పరు. ఇంగ్లిష్‌లో దాంతో పోయేది నాలుగు మార్కులు. జిమ్నాస్టిక్స్‌లో నొప్పిని దాచుకుంటే చిన్న దెబ్బ పెద్దదవుతుంది.

ఈ రోజు సాయంత్రం పాపను ఒక్క మాట అడగండి: "నొప్పి పుడితే, భయమేస్తే సార్‌కి చెప్పగలవా?" వెంటనే "ఆ, చెప్తా" అంటే సంతోషం. తడబడితే, మరుసటి రోజే స్కూలుకు వచ్చి మాతో మాట్లాడండి.

— ఇంగ్లిష్ టీచర్, ప్రైమరీ విభాగం