డ్రైవర్ లేకపోతే ప్రింటర్ ఇనుప డబ్బానే

మీ ఫోన్‌లో ఎప్పుడైనా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశారా? చేసుండరు. ఇయర్‌ఫోన్స్ పెడితే పాట వస్తుంది, కెమెరా నొక్కితే ఫొటో పడుతుంది. ఆ పనులు చేయించే డ్రైవర్లన్నిటినీ ఫోన్ కంపెనీవాళ్లు ముందే లోపల పెట్టి పంపిస్తారు. అందుకే మనలో చాలామందికి డ్రైవర్ అంటే క్యాబ్ యాప్‌లో కనిపించే మనిషే గుర్తొస్తాడు.

ఒకసారి నాంపల్లి క్రిమినల్ కోర్టుల చుట్టుపక్కల, అక్కణ్ణుంచి అబిడ్స్ వైపు గల్లీల్లో ఉండే డీటీపీ షాపుల్లోకి తొంగి చూడండి. అఫిడవిట్లు, దరఖాస్తులు, కరపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు టైప్ చేసే షాపులు. చాలాచోట్ల విండోస్ 7 ఇంకా నడుస్తూ ఉంటుంది. అక్కడక్కడా ఎక్స్‌పీ కూడా. ఎక్స్‌పీ 2001లో వచ్చింది, 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది. విండోస్ 7 వచ్చింది 2009లో, దాని సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది. "ఇంకా ఇదేంటన్నా, మార్చేయొచ్చు కదా?" అని అడిగితే ఒక షాపు యజమాని నాకు చెప్పిన జవాబు ఇది: "మారిస్తే నా తెలుగు ఎవరు తెరుస్తరు తమ్మీ?"

ఆయన మాటలో పాయింట్ ఉంది. డీటీపీ తెలుగు ఎన్నో ఏళ్లు పేజ్‌మేకర్ మీద బతికింది. దాని 7.0 వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్ కూడా వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకని అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీల ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టి పని నడిపించాయి. ఆ మ్యాటర్‌ను మీ ఫోన్‌లో తెరిస్తే తెలుగు కనబడదు, పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనబడతాయి. పైగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో కొన్నిటికి డాంగిల్ ఉంటుంది. అంటే పెన్‌డ్రైవ్ సైజులో ఉండే తాళం. అది గుచ్చకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఆ తాళానికి కూడా ఒక డ్రైవర్ కావాలి.

ఇంతకీ డ్రైవర్ చేసే పనేంటి? దుబాసీ పని. విండోస్ 'ఈ పేజీ ప్రింట్ చెయ్' అంటుంది. ఆ మాట ప్రింటర్‌కు అర్థం కాదు. మధ్యలో డ్రైవర్ ఉండి దాని భాషలోకి మార్చి చెబుతుంది. కంప్యూటర్ సిద్ధం, ప్రింటర్ సిద్ధం, కానీ డ్రైవర్ లేదంటే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టే.

కొన్ని ప్రింటర్లయితే డ్రైవర్ మీద మరీ ఎక్కువ ఆధారపడతాయి. చాలా ఆఫీసుల్లో కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020నే తీసుకోండి. పేజీ ఎలా ఉండాలో లెక్కకట్టే పని దాదాపు మొత్తం కంప్యూటరే చేస్తుంది. అంతకంటే విచిత్రం, ప్రింటర్ నడవడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ దాని లోపల పర్మనెంట్‌గా ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి వెళ్లాల్సిందే. రోజూ పొద్దున్నే పని మర్చిపోయి వచ్చే ఉద్యోగికి మళ్లీ మొదటి నుంచి నేర్పించినట్టు. ఇలాంటి మెషీన్‌కు డ్రైవర్ దొరకలేదంటే టోనర్ నిండుగా ఉన్నా, రోలర్లు కొత్తవైనా ఉపయోగం లేదు.

ఈమధ్య నాకు తెలిసిన ఒక షాపులో హార్డ్‌డిస్క్ పోయింది. ఫైళ్ల కాపీ వేరే డిస్క్‌లో ఉంది కాబట్టి బతికిపోయారు. కొత్త డిస్క్ వేసిన కుర్రాడు ర్యామ్ ఎక్కువుంది కదా అని 64 బిట్ విండోస్ 7 ఎక్కించి వెళ్లిపోయాడు. అంతకుముందు ఉన్నది 32 బిట్. దాంతో ప్రింటర్ సీడీ పనికిరాకుండా పోయింది, డాంగిల్ సీడీ కూడా అంతే. ఎందుకంటే 32 బిట్ ప్రోగ్రామ్స్ 64 బిట్ విండోస్‌లో నడుస్తాయి కానీ 32 బిట్ డ్రైవర్లు నడవవు. శనివారం సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. సోమవారం పొద్దున కోర్టు తెరిచేసరికి కాగితాలు బయటికి రావాలి.

ఆదివారం మేం చేసిన పని వరసగా చెప్తాను. మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నా, మీ నాన్నగారి షాపులో ఉన్నా ఇదే దారి.

ముందు ఇంటర్నెట్ సమస్య. కొత్తగా ఎక్కించిన విండోస్‌కు నెట్‌వర్క్ డ్రైవర్ కూడా లేదు. నెట్ ఉంటేనే డ్రైవర్ దొరుకుతుంది, డ్రైవర్ ఉంటేనే నెట్ వస్తుంది. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు. నెట్ వచ్చినా అందులోని పాత బ్రౌజర్ ఇప్పటి వెబ్‌సైట్లను సరిగ్గా తెరవలేదు. దీనికి మీ జేబులోనే మందుంది. కావాల్సినవన్నీ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, కేబుల్ పెట్టి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కి కంప్యూటర్‌లోకి కాపీ చేసేయడమే. సపోర్ట్ ఆగిపోయిన కంప్యూటర్‌ను నెట్‌కు కలపకుండానే పని అయిపోతుంది. అది ఇంకా మంచిది.

తర్వాత, అసలు ఏ డ్రైవర్ కావాలి? బాక్స్ మీద పేరు చూసి వెతికితే పదిరకాలు వస్తాయి. డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు రంగు ఆశ్చర్యార్థకం ఉన్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ, పీఐడీ అని రెండు నంబర్లుంటాయి. బండి నంబర్ ప్లేట్ లాంటివి. వీఐడీ కంపెనీది, పీఐడీ ఆ మోడల్‌ది. ఉదాహరణకు 03ఎఫ్0 అంటే హెచ్‌పీ, దాని పక్కన 2బీ17 ఉంటే ఇందాక చెప్పిన 1020. స్టిక్కర్ చిరిగిపోయినా, సీడీ పోయినా ఈ నంబర్ మాత్రం చెరిగిపోదు.

ఈ నంబర్ పట్టుకుని ముందు కంపెనీ సొంత సైట్‌లో చూడాలి. అక్కడ లేకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో అదే నంబర్ కొట్టి వెతకాలి. మా ప్రింటర్ డ్రైవర్ అక్కడే దొరికింది. అది క్యాబ్ ఫైల్‌గా వస్తుంది. జిప్ ఫైల్ లాగే దాన్ని విప్పి, డివైస్ మేనేజర్‌లో 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి, ఆ ఫోల్డర్ చూపిస్తే లోపలున్న ఐఎన్ఎఫ్ ఫైల్‌ను విండోసే చదువుకుంటుంది. వెతికేటప్పుడు 'మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, ఒక్క క్లిక్‌తో సరిచేస్తాం' అనే సైట్లు బోలెడు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లొద్దు. చాలా డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున, కెర్నెల్‌లో కూర్చుంటాయి. ఎవరో తెలియనివాళ్ల డ్రైవర్ వేసుకోవడమంటే ఇంటి తాళాలు ఇవ్వడమే.

ప్రింటర్ పనిచేసింది. డాంగిల్ మొండికేసింది. కంపెనీ సైట్‌లో 64 బిట్ డ్రైవర్ దొరికింది, ఇన్‌స్టాల్ కూడా అయింది. కానీ డివైస్ మేనేజర్‌లో 'కోడ్ 52'. డిజిటల్ సంతకం సరిచూడలేకపోతున్నాను అని దాని అర్థం. డ్రైవర్ దొంగదా? కాదు. 64 బిట్ విండోస్ విస్టా నుంచి సంతకం లేని కెర్నెల్ డ్రైవర్‌ను రానివ్వదు. ఆ సంతకాలు మొదట్లో ఎస్‌హెచ్‌ఏ-1 అనే పద్ధతిలో ఉండేవి. అందులో లోపాలు బయటపడుతూ వచ్చాయి. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 గుర్తు వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లు తయారుచేసి చూపించారు. కంపెనీలు ఎస్‌హెచ్‌ఏ-2కి మారాయి. ఫ్రెష్‌గా ఎక్కించిన విండోస్ 7కు ఆ కొత్త సంతకం చదవడం రాదు. అంటే తలుపు దగ్గర వాచ్‌మన్‌కు కొత్త ఐడీ కార్డు గుర్తుపట్టడం తెలియదు, అంతే.

దీనికి చాలామంది చెప్పే చిట్కా, స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్8 కొట్టి సంతకం తనిఖీ ఆపేయడం. అది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, మళ్లీ ఆన్ చేస్తే మొదటికే వస్తుంది. పర్మనెంట్‌గా ఆపేస్తే వాచ్‌మన్‌నే తీసేసినట్టు. సరైన మందు వేరే ఉంది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 వేసి, దాని మీద 2019లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన రెండు అప్‌డేట్లు వేయాలి. ముందు కేబీ4490628, తర్వాత కేబీ4474419. రెండూ అదే కేటలాగ్‌లో ఉంటాయి. వేసి రీస్టార్ట్ చేశాం. డాంగిల్ తీసి మళ్లీ గుచ్చాం. కోడ్ 52 పోయింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. యజమాని ముందు తన పాత ఫైలొకటి తెరిచి, తెలుగు కనబడ్డాకే కూర్చున్నాడు.

ఇంత తిప్పలు ఎందుకొచ్చాయి? ఏ వస్తువూ చెడిపోలేదు కదా. ప్రింటర్ బాగుంది, డాంగిల్ బాగుంది, కంప్యూటర్ బాగుంది. వాటిని కలిపే రెండు మూడు ఎంబీల ఫైళ్లు చేతిలో లేవు, అంతే. మెషీన్ ఆయుష్షు ఇరవై ఏళ్లుండొచ్చు, కంపెనీ సైట్‌లో డ్రైవర్ ఆయుష్షు అంత ఉంటుందని గ్యారంటీ లేదు. డ్రైవర్ పేజీ తీసేస్తారు, సోర్స్ కోడ్ కూడా ఇవ్వరు. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఈ బాధ కొత్తది కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఒక జిరాక్స్ లేజర్ ప్రింటర్‌తో ఇదే ఎదురైంది. కాగితం ఇరుక్కుంటే అందరికీ మెసేజ్ వెళ్లేలా దాని సాఫ్ట్‌వేర్ మార్చాలనుకున్నాడు. సోర్స్ కోడ్ ఇవ్వలేదు. తనను ఫ్రీ సాఫ్ట్‌వేర్ దారిలోకి నెట్టిన అనుభవాల్లో ఇదొకటని ఆయనే చెబుతుంటాడు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు. ఆ దారిలో వచ్చినవాళ్ల పుణ్యమా అని ఇవాళ ఆ 1020 ప్రింటర్ లైనక్స్ మీద కూడా నడుస్తోంది. రిక్ రిచర్డ్‌సన్ అనే ప్రోగ్రామర్ దానికి ఫ్రీ డ్రైవర్ రాసిపెట్టాడు.

మీ ఫోన్‌కూ ఈ కథ వర్తిస్తుంది. రెండు మూడేళ్లకు అప్‌డేట్లు ఆగిపోవడానికి ఒక పెద్ద కారణం, చిప్ తయారుచేసినవాళ్లు కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు డ్రైవర్లు ఇవ్వకపోవడం. ఆ చిక్కు తగ్గించడానికే గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చి, డ్రైవర్ల భాగాన్ని మిగతా ఆండ్రాయిడ్ నుంచి విడదీసింది. ఇక విండోస్ 10 మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే మీరు బీటెక్‌లో కొన్న ల్యాప్‌టాప్ కూడా పాత కంప్యూటర్ల లిస్ట్‌లో చేరిపోయి ఉండొచ్చు.

కాబట్టి ఒక గంట పని. ఇంట్లో, షాపులో ఉన్న ప్రతి ప్రింటర్, స్కానర్, డాంగిల్ హార్డ్‌వేర్ ఐడీ ఫొటో తీసుకోండి. డ్రైవర్లు ఇప్పుడు దొరుకుతున్నప్పుడే డౌన్‌లోడ్ చేయండి, 32 బిట్‌వి, 64 బిట్‌వి రెండూ. సీడీలుంటే వాటిని కాపీ చేసుకోండి. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇంకో కాపీ ఫోన్‌లోనో క్లౌడ్‌లోనో ఉంచండి. పెన్‌డ్రైవ్‌ను ఆ మెషీన్ పక్కనే సొరుగులో పెట్టండి.

డీటీపీ షాపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. డ్రైవర్ దొరికింది కదా అని ఊరుకోవద్దు. డాంగిల్ బతికున్నంత కాలమే ఆ ఫైళ్లు తెరుచుకుంటాయి. పాత ఫాంట్ల మ్యాటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర తప్పులు పడొచ్చు, ఒకసారి చదివి దిద్దాలి. మా షాపు యజమాని ఆ పని మొదలుపెట్టాడు. రోజుకు నాలుగు ఫైళ్లు, కోర్టు టైమ్ అయిపోయాక.