సెక్రటరీలు రాసిన ప్రోగ్రాములు

1978లో అమెరికాలోని హనీవెల్ సంస్థలో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఈమాక్స్ ఎడిటర్‌ను లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. ఎడిటర్ అంటే అక్షరాలు టైప్ చేసి దిద్దుకునే సాఫ్ట్‌వేర్. దానికి కొత్త కమాండ్లు చేర్చాలన్నా ఆ లిస్ప్‌లోనే రాయాలి. ఆఫీసులోని సెక్రటరీలు కూడా దాన్ని నేర్చుకున్నారు. వాళ్ల చేతికొచ్చిన పుస్తకంలో ఎడిటర్‌కు కొత్త పనులు నేర్పే తీరు ఉంది గానీ, దాన్ని ప్రోగ్రామింగ్ అంటారని లేదు. దాంతో తమకు ప్రోగ్రామింగ్ రాదనుకునే ఆ సెక్రటరీలు బెదరలేదు. చదివారు, రాశారు, పనులు చేయించుకున్నారు. ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ తర్వాత ఒక ప్రసంగంలో ఈ సంగతి చెప్పారు.

ఆ స్టాల్‌మనే 1985లో గ్నూ ఈమాక్స్ అనే ఎడిటర్‌ను విడుదల చేశారు. దీని లోపలి ఇంజన్ సి భాషలో ఉంటుంది. మిగతా భాగంలో ఎక్కువ ఈమాక్స్ లిస్ప్. వాడేవారికి వేరే చిన్న భాష, తయారుచేసినవారికి వేరే పెద్ద భాష అనే తేడా ఇక్కడ దాదాపు లేదు. కంట్రోల్‌తో హెచ్, ఆపైన కె నొక్కి, ఇంకే మీటను తాకినా ఆ మీట ఏ ఫంక్షన్‌ను నడుపుతుందో ఈమాక్స్ చెబుతుంది. అక్కడి నుంచే దాని మూల కోడ్‌లోకి వెళ్లొచ్చు. ఫంక్షన్‌లో ఒక వాక్యం మార్చి, ఆ ఫంక్షన్‌ను మాత్రమే మళ్లీ అమలు చేస్తే చాలు. ఎడిటర్‌ను మూసి తెరవక్కర్లేకుండానే కొత్త ప్రవర్తన వచ్చేస్తుంది.

తెలుగువారికీ ఇందులో వాటా ఉంది. ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతుల్లో తెలుగు టైప్ చేసే ఏర్పాటు ఈమాక్స్‌తోపాటే వస్తుంది. ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే పట్టికలు లిస్ప్ ఫైళ్లలోనే ఉన్నాయి. నచ్చని చోట దిద్దుకోవడానికి ఏ కంపెనీ దయా అక్కర్లేదు.

ఇలా సొంత అవసరానికి రాసుకున్నవీ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ 2003లో తన నోట్సు, పనుల జాబితా సర్దుకోవడానికి ఆర్గ్ మోడ్ అనే ప్యాకేజీ రాసుకున్నారు. ఇవాళ అది ఈమాక్స్‌లో భాగం. పరిశోధకులు దాంట్లో వ్యాసాలు రాస్తున్నారు, లెక్కలు చేస్తున్నారు.

చిక్కులూ తక్కువేం కాదు. బయటి నుంచి తెచ్చుకున్న ప్యాకేజీకి అడ్డుగోడ ఉండదు, వాడేవారి ఫైళ్లన్నీ దానికి అందుబాటులోనే ఉంటాయి. కాబట్టి తెలియని కోడ్‌ను నమ్మకూడదు. బరువైన పని తగిలితే ఎడిటర్ మొత్తం కాసేపు బిగుసుకుపోతుంది. ఇప్పటి భాషల్లో మామూలైన లెక్సికల్ బైండింగ్ (వేరియబుల్ అర్థాన్ని కోడ్‌లో అది రాసిన చోటును బట్టి తేల్చే పద్ధతి) ఈమాక్స్ లిస్ప్‌కు 2012లో గానీ రాలేదు. మొదటి వారం చాలామందికి విసుగు పుడుతుంది కూడా.

అయినా సాఫ్ట్‌వేర్ ఇలాగే ఉండాలి. తాను రోజంతా వాడే పనిముట్టు ఎలా నడుస్తోందో చూసే హక్కు, దాన్ని మార్చుకునే వీలు ప్రతి ఒక్కరికీ దక్కాలి. చాలా ఫోన్ యాప్‌లలో ఒక బటన్ చోటు మార్చడానికి కూడా వీల్లేని కాలంలో ఆ హక్కు విలువ ఇంకా పెరిగింది. రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకు ఒక్క విన్నపం: మొదటి ఏడాది ల్యాబ్‌లో ఒక పూట కేటాయించండి. పిల్లల చేత ఈమాక్స్ తెరిపించి, ఒక మీట వెనకున్న లిస్ప్‌ను చదివించండి, మార్చనివ్వండి. ఈమాక్స్ ఉచితం, మామూలు కంప్యూటర్ చాలు.