మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ఈ మధ్య ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి కంప్యూటర్ పీరియడ్ చూశాను. ఒక్కో కంప్యూటర్‌కి నలుగురు పిల్లలు. నా దగ్గరి బల్లకు ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు వచ్చారు. బెల్లు మోగీ మోగగానే ఒకడు మౌస్ అందుకున్నాడు, రెండోవాడు కీబోర్డు తనవైపు లాక్కున్నాడు. అమ్మాయిలు వెనక నిలబడి, తెర మీద కనబడ్డ స్టెప్పులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సులో ఎక్కించారు. పీరియడ్ అయిపోయింది. వాళ్ల వేళ్లు ఒక్కసారీ కీబోర్డును తాకలేదు. సారును అడిగితే, "అమ్మాయిలు రికార్డు బాగా రాస్తారండీ" అని మెచ్చుకోలుగానే చెప్పారు.

హాజరుపట్టీ ప్రకారం ఆ ఇద్దరూ ఆ రోజు కంప్యూటర్ నేర్చుకున్నట్టే.

సారు మనసులో వివక్ష ఉందని నేననను. పాఠం త్వరగా సాగాలంటే చేయి తిరిగినవాడికే మౌస్ ఇవ్వడం ఆయనకు సులువు. ఆ చేయి తిరగడం ఎక్కడ జరిగిందన్నదే ప్రశ్న. గ్రామీణ ప్రాంతాల్లో 14-18 ఏళ్లవాళ్ల మీద జరిగిన 2023 అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంది. అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది. పెద్దవాళ్ల సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో ఆ లెక్క 26.5, 57.4. ఇంట్లో అన్న చేతిలో ఉన్న ఫోను చెల్లెలి చేతికి రావాలంటే సవాలక్ష ప్రశ్నలు. అలాంటి పిల్లకు బడిలోని ల్యాబ్ ఒక్కటే దిక్కు. అక్కడా ఆమె వెనక వరుసలోనే నిలబడుతోంది.

ఇంజినీరింగ్‌లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీట్లలో అమ్మాయిలు తక్కువేం లేరు కదా అంటారు. నిజమే. కానీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న అమ్మాయిని చూపించి పల్లెటూరి ప్రభుత్వ బడి పిల్ల సంగతి తేల్చేయడం అన్యాయం.

అలవాటును తెలివి అని పొరబడటం మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో 1980లలో ఇంటి కంప్యూటర్లను మగపిల్లల ఆటవస్తువుల్లా అమ్మారు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన అమ్మాయిల వాటా ఆ దశకం మధ్య నుంచి పడిపోయింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1995లో ఆ కోర్సులో చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతమే. ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టింపును ప్రవేశాల్లో తగ్గించారు, అనుభవం లేనివాళ్లకు తొలి పాఠాలు వేరుగా పెట్టారు. 2000 నాటికి ఆ వాటా 42 శాతానికి చేరింది. ఐదేళ్లలో అమ్మాయిల తెలివి పెరగలేదు, బోధించేవాళ్ల పద్ధతి మారింది.

మన బడుల్లో దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. పీరియడ్‌లో ప్రతి ఒక్కరికీ పది నిమిషాల వంతు వేసి, ఎవరు కూర్చున్నారో రిజిస్టర్లో రాయాలి. మార్కులు రికార్డు పుస్తకానికి కాకుండా కంప్యూటర్ మీద చేసి చూపించిన పనికే వేయాలి. ల్యాబ్ గంటలు బడి వేళల్లోనే ఉండాలి. ఆఖరి బెల్లు తర్వాత తెరిస్తే, ఇంటి పనులకు పరుగెత్తే పిల్లకు అది మూసి ఉన్నట్టే.

ప్రధానోపాధ్యాయులకు ఒక్క విన్నపం. వచ్చే కంప్యూటర్ పీరియడ్‌లో ల్యాబ్ వెనక ఓ పది నిమిషాలు నిలబడండి. మౌస్ మీద ఉన్న చేతుల్లో అమ్మాయిలవి ఎన్నో లెక్కపెట్టండి.