పాత శీతల గిడ్డంగులకు కొత్త నియంత్రణ: మిరప రైతుకు చూపవలసిన లెక్క

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మిరప కోతలు జనవరి నుండి వేసవి వరకు సాగుతాయి. కల్లాలలో ఎండిన కాయ చాలావరకు ఆ కొద్ది నెలలలోనే గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. ధర అనుకూలించని రైతు టిక్కీలను శీతల గిడ్డంగిలో ఉంచి, రసీదుపై అప్పు తెచ్చుకొని, మంచి ధర కొరకు వేచి ఉంటాడు. ఆ నిరీక్షణ ఫలించాలంటే ధర పెరిగితే చాలదు. కాయ రంగు కూడా నిలవాలి. కొత్త గిడ్డంగుల నిర్మాణంపై జరుగుతున్నంత చర్చ, ఉన్న పాత గిడ్డంగులలో చల్లదనం ఏ విధంగా అదుపు చేయబడుతున్నదన్న విషయంపై జరగడం లేదు. ముందుగా పాతవాటి నియంత్రణ వ్యవస్థను ఆధునికీకరించాలనీ, అందులో నమోదయ్యే వివరాలను రైతుకు అందజేయాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఎండు మిరప ఎరుపునకు కాప్సాంథిన్ మొదలైన కెరోటినాయిడ్ వర్ణకాలు కారణం. వేడి, వెలుతురు, ప్రాణవాయువుల ప్రభావంతో ఇవి క్రమంగా క్షీణిస్తాయి. అందుచేత 10–11 శాతం తేమకు ఎండిన కాయను సాధారణంగా 4–8 డిగ్రీల సెల్సియస్ వద్ద, 60–65 శాతం సాపేక్ష ఆర్ద్రతలో నిల్వ చేయడం మేలు. ఆర్ద్రత మితిమీరితే కాయ మెత్తబడి బూజు పడుతుంది. అఫ్లాటాక్సిన్ ప్రమాదమూ ఏర్పడుతుంది. మరీ తగ్గితే కాయ పెళుసై చిట్లుతుంది, తూకం తరుగుతుంది.

పాత గిడ్డంగులలో శీతలీకరణ ఎక్కువగా అమ్మోనియా యంత్రాలతో జరుగుతుంది. ఆపరేటరు ఉష్ణమాపకం చూసి కంప్రెసరును నడుపుతాడు, ఆపుతాడు. ద్రవ అమ్మోనియా కవాటాన్ని చేతితో సరిచేస్తాడు. అతని అనుభవం విలువైనదే. అయితే తలుపు దగ్గరి ఉష్ణమాపకం, గది నడుమ పై అంతస్తులో పేర్చిన టిక్కీల స్థితిని చెప్పజాలదు. రాత్రి విద్యుత్తు ఎంతసేపు పోయినదీ, ఆలోగా గది ఎంత వేడెక్కినదీ మరునాటికి ఎవరికీ తెలియకపోవచ్చు.

ఆధునికీకరణ అంటే యంత్రాలన్నింటినీ మార్చడమని భావించనవసరం లేదు. ప్రతి గదిలో వేర్వేరు ఎత్తులలో ఉష్ణోగ్రత, ఆర్ద్రత గ్రాహకాలు అమర్చడం మొదటి మెట్టు. వాటిని అనుసరించి కంప్రెసర్లను, కవాటాలను నడిపే ప్రోగ్రామబుల్ నియంత్రకం రెండవది. ఫ్యాను వినియోగించే విద్యుత్తు సిద్ధాంతరీత్యా దాని వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. అనగా వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే విద్యుత్తు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. ఈ సందర్భంలోనే అమ్మోనియా లీకును పసిగట్టే పరికరాలనూ అమర్చితే కార్మికులకు రక్షణ కలుగుతుంది.

ఈ పెట్టుబడి ఎందుకు ఆలస్యమవుతున్నది? అద్దె టిక్కీకి ఇంతని నిర్ణయమవుతుంది. కాయ రంగు నిలిచినా వెలిసినా అది మారదు. విద్యుత్తు బిల్లు యజమానిది, రంగు వెలిసిన నష్టం రైతుది. కంప్రెసరును కొన్ని గంటలు ఆపితే యజమానికి మిగులు కనబడుతుంది. రైతు నష్టం నెలల తరువాత వేలంలో గాని బయటపడదు. అప్పటికి కారణం నిరూపించే ఆధారం ఉండదు. కనుక కేవలం విద్యుత్ పొదుపు కొరకు అమర్చిన నియంత్రణ రైతుకు మేలు చేస్తుందన్న భరోసా లేదు. నమోదైన ఉష్ణోగ్రత, ఆర్ద్రత వివరాలు రసీదుతో జతపడినప్పుడే ఉభయుల ప్రయోజనాలు ఒకటవుతాయి.

చిన్న గిడ్డంగుల యజమానులు ఖర్చు గురించి వెలిబుచ్చే ఆందోళన సహేతుకమైనదే. గోడలలోని ఉష్ణ నిరోధక పొర తడిసి పాడైనచోట, తలుపులు సరిగా మూసుకోనిచోట, ఎంతటి నియంత్రకమైనా వృథాయే. ముందు వాటిని సరిచేయాలి. గ్రాహకాలను ఏటా నిల్వకు ముందు సరిచూడాలి. ఆపరేటర్లకు శిక్షణ ఇవ్వాలి. ఆర్థిక భారం తగ్గించుటకు మార్గాలున్నాయి. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ శీతల గిడ్డంగుల ఆధునికీకరణకు సహాయం అందిస్తున్నది. 2020లో ప్రారంభమైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఏర్పాటైనది. ప్రజాధనంతో ఆధునికీకరించిన గిడ్డంగి తన నమోదులను నిల్వదారులకు చూపాలన్న షరతు విధించడం న్యాయం.

పరిశోధనా సంస్థల బాధ్యత కూడా ఇందులో ఉన్నది. ఒకే గిడ్డంగిలో రెండు గదులను తీసుకొని, ఒకదానిని పాత పద్ధతిలోను, మరొకదానిని స్వయంచాలక నియంత్రణతోను నడిపి, ఒకే రకం కాయను నిల్వ చేసి, రంగు విలువ, తేమ, తూకం, విద్యుత్ వినియోగాలను లోనికి చేర్చిన నాటి నుండి వెలుపలికి తీసే వరకు నెలనెలా కొలవాలి. లాం వంటి పరిశోధనా క్షేత్రం గుంటూరు చెంతనే ఉన్నందున ఇది సాధ్యమే. పంటను పొలంలో కాపాడే విజ్ఞానం ఎంతో వృద్ధి చెందినది. గిడ్డంగి తలుపు మూసుకున్న తరువాత ఆ పంటకు ఏమి జరుగుతున్నదో తెలుసుకొనే హక్కు దానిని పండించిన రైతుకు దక్కాలి.