డల్లెస్ పేరు, దత్తమండలాల పాఠం

షాంటిలీ చుట్టుపక్కల ఉండే మనకు డల్లెస్ అంటే విమానాశ్రయమే. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగేది అక్కడే. ఆ పేరు ఎవరిదో మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలియాలని నా అభిప్రాయం.

జాన్ ఫాస్టర్ డల్లెస్ 1953 నుంచి 1959 వరకు అమెరికా విదేశాంగ మంత్రి. ఆ కాలంలో సీఐఏ అధిపతి ఆయన తమ్ముడు అలెన్. ఇరాన్‌లో బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న చమురును 1951లో జాతీయం చేసి, ప్రధాని మొసద్దిక్ ఆ దేశాలకు కంటగింపయ్యారు. 1953 ఆగస్టులో సీఐఏ, బ్రిటిష్ గూఢచారులు కలిసి ఆయనను గద్దె దించారు. చెప్పిన కారణం కమ్యూనిజం భయం. అది పూర్తిగా బూటకమని నేను అనను. కానీ 1954లో కుదిరిన ఒప్పందంలో అమెరికన్ కంపెనీలకు ఇరాన్ చమురులో 40 శాతం వాటా దక్కింది. అదే ఏడాది గ్వాటెమాలాలో, యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ బీడు భూములను పేదలకు పంచిన అర్బెంజ్ ప్రభుత్వానికీ అదే గతి పట్టింది.

ఈ విద్య అమెరికా కనిపెట్టింది కాదు. మన నేల మీద రెండు వందల ఏళ్ల ముందే నడిచింది. 1753లో సలాబత్ జంగ్, బుస్సీ సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కార్లను ఫ్రెంచివారికి అప్పగించాడు. వారిని వెళ్లగొట్టడానికి విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లిషువారిని పిలిచాడు. 1766 నాటికి సర్కార్లు ఇంగ్లిషువారి పాలయ్యాయి. 1798లో నిజాం రక్షణ పేరుతో కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. దాని ఖర్చు కింద 1800లో కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను రాసిచ్చాడు. అవే దత్తమండలాలు. 1928లో గాని వాటికి రాయలసీమ అన్న గౌరవమైన పేరు రాలేదు. అక్కడి రైతును మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకే ఏ దేశం మరో దేశంలో వేలు పెట్టినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరు పిలిచారు? ఖర్చు ఎవరిది? చివరికి భూమి, చమురు, రేవు ఎవరి చేతికి వెళ్లాయి?

1992 దాకా ఉనికే రహస్యంగా ఉన్న గూఢచార ఉపగ్రహాల సంస్థ ఎన్‌ఆర్‌ఓ ప్రధాన కార్యాలయం మన షాంటిలీలోనే ఉంది. ఇక్కడ పన్ను కడుతున్నాం, పౌరసత్వం ఉన్నవాళ్లం ఓటు వేస్తున్నాం. కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు సైన్యాన్ని 60 రోజులకు మించి పోరులో ఉంచకూడదని 1973 చట్టం చెబుతోంది. దాన్ని గట్టిగా అమలు చేయిస్తారా అని ఓటు అడగడానికి వచ్చినవారిని నిలదీయాలి. అది అమెరికాకు ద్రోహం కాదు. ఈ దేశ పౌరుడికి ఉన్న హక్కు, దత్తమండలాల వారసులుగా మనకున్న బాధ్యత.