చూసి పోవడానికే వస్తున్నారా?

"అన్వేషణ అంటే తవ్వకం కాదు సార్, భూమిలో ఏముందో చూసి పోవడమే గదా" అని చదువుకున్న మన పిల్లలే అంటున్నారు. బంగారం కోసం వెతికేవాడు ఊరికే చూసి పోడు. చూసినదానికి ధర కట్టి పోతాడు.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్ నగల దుకాణాల ముందు నిలబడి, ఈ బంగారం ఏ రాయిలోంచి వచ్చిందని ఎవరూ అడగరు. మనం అడగాలి. కోలార్, హట్టి, రామగిరి, జొన్నగిరి, ఇవన్నీ 250 కోట్ల ఏళ్లు దాటిన అగ్నిపర్వతపు లావా రాళ్ల పట్టీలు. ఆ రాళ్ల పగుళ్లలో పారిన వేడినీళ్లు పలుగురాతి చారల్లో బంగారాన్ని వదిలాయి. (ఆదిలాబాద్ నల్లరేగడీ లావా నుంచి వచ్చిందే. కానీ ఆ లావా వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లే. అది పత్తినిస్తుంది, బంగారానికి పేరు లేదు. పిల్లలకు ఈ తేడా చెప్పండి.) టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది కొన్ని గ్రాములు. సైనైడ్‌తో కడిగిన మిగతా పిండి ఎక్కడ పోస్తారు? కోలార్ వెళ్లి చూడండి. 120 ఏళ్లు తవ్వారు, 3 కిలోమీటర్ల లోతు దాటారు, 2001లో గని మూశారు. బంగారం పోయింది. సైనైడ్ దిబ్బలు ఊరి పక్కనే ఉన్నాయి.

ఇక చట్టం. 2023లో గనుల చట్టాన్ని సవరించి 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు తెచ్చారు. బంగారం, వెండి రెండూ అందులో ఉన్నాయి. ప్రైవేటు కంపెనీ దాన్ని వేలంలో పొందవచ్చు. అది వెతికిన చోట తర్వాత గని వేలమైతే, ఆ ప్రీమియంలో దానికి వాటా. గని పడితేనే వెతికినవాడికి లాభం అన్నమాట. మరి చూసి పోవడమేనని ఎట్లా నమ్మేది? పీసా ఉంది గదా అంటారు. 1996 నాటి ఆ చట్టంలో అన్వేషణకూ లీజుకూ ముందస్తు సిఫారసు తప్పనిసరి అన్నది చిన్నతరహా ఖనిజాలకే. ఇసుకకు, కంకరకు మన మాట కావాలి, బంగారానికి అక్కర్లేదు!

మనకు మిగిలిన గట్టి గోడ సమతా తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల మీద వచ్చిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది: 1/70 చట్టంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వరాదు. ఇట్లాంటి నిషేధం లేని రాష్ట్రాల్లో నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు తీసిపెట్టమంది. 2015 తర్వాత వేలమైన గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి వచ్చేది రాయల్టీలో 10 శాతం. లాభంలో 20 ఎక్కడ, రాయల్టీలో 10 ఎక్కడ?

దేశానికి బంగారం వద్దా అని అడిగేవాళ్లకు నాదొకటే ప్రశ్న: అందులో ఎక్కువ భాగం మెడలకూ లాకర్లకే గదా పోయేది? మేడారంలో మన బంగారం బెల్లం. నిలువెత్తు తూచి తల్లులకిస్తాం, దానికి ఏ కొండా కూలదు.

హైదరాబాద్ బండ్లగూడలోని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పటాలు భూకోశ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. టీచర్లు తమ మండలం పటం తీసి ఖనిజాల పాఠం రోజున గోడకు తగిలించండి. జియాలజీ చదివే మన పిల్లలు పెరగాలి. డ్రిల్లింగ్ బండి ఊళ్లోకి వచ్చిన రోజు గ్రామసభ పెట్టి, లైసెన్సు ఎవరిది, హద్దులు ఎక్కడ, తవ్విన బోరు ఎవరు పూడుస్తారు అని రాతపూర్వకంగా అడగండి. జవాబు తెలుగులో ఇమ్మనండి, కోయలోనో గోండీలోనో చదివి వినిపించమనండి. తీర్మానం నకలు ఊళ్లో ఒకటి ఉంచుకోండి.