ధారావాహికలలో బొంకు

సంధ్యాదీపము వెలిగించు వేళ మొదలు రాత్రి భోజనముల వరకు తెలుగు టెలివిజనులో ఏ ధారావాహికను చూచినను ఒకే సన్నివేశము కంటబడుచున్నది. ఒకరు తలుపు చాటున నిలిచి వినుచుందురు. ఒకరు నిజము చెప్పబోవుచుందురు. అంతలో టెలిఫోను మ్రోగును, లేదా చెప్పవలసిన మనిషి మూర్ఛిల్లును. నిజము రేపటికి వాయిదా పడును. ఆ రేపు నెలల తరబడి రాదు. మన కథకుల చేత మరియొక ఉపాయము మిగులలేదా యని మేమడుగుచున్నాము.

బొంకు కథలకు తగదని మా వాదము కాదు. హరిశ్చంద్రుని వంటివారే కథానాయకులైనచో మన వాఙ్మయము మిక్కిలి చిన్నదై యుండెడిది. కర్ణుడు తాను బ్రాహ్మణుడనని పరశురాముని యొద్ద బొంకెను. ఆ బొంకు శాపమై రణరంగమున అతనిని వెదకికొని వచ్చెను. ధర్మరాజు అశ్వత్థామ విషయమున ఒక్క మాట నలిపి పలుకగా, అంతవరకు నేలకు నాలుగంగుళముల పైని సాగిన రథము నేలనంటెను. పెద్దన మనుచరిత్రమున గంధర్వుడు ప్రవరుని రూపు దాల్చి వరూధినిని వంచించెను. ఆ వంచన లేనిచో స్వరోచి లేడు, కావ్యమునకు తరువాతి కథయే లేదు. ఇక గురజాడవారి కన్యాశుల్కములో బొంకనివారిని వెదకి పట్టుట కష్టము. గిరీశము కోయు ప్రతి కోతయు వాని బుద్ధినే గాక వానిని నమ్మినవారి బుద్ధిని కూడ బయట పెట్టును. కరటకశాస్త్రి శిష్యునికి ఆడువేషము కట్టి లుబ్ధావధాన్లకు అంటగట్టిన మోసము కచేరీ దాక పోవును. వీనియందెల్ల బొంకునకు ఫలము కలదు. చెప్పినవాడు గాని విన్నవాడు గాని మునుపటివాడుగా మిగులడు.

నేటి ధారావాహికలలో బొంకు చేయు పని వేరు. అది కథను నడుపుటకు గాక నిలుపుటకు పుట్టినది. 2017 నుండి 2023 వరకు స్టార్ మాలో వచ్చి 1500 భాగములు దాటిన ‘కార్తీక దీపం’ ఇందుకు దృష్టాంతము. మలయాళపు ‘కరుత్తముత్తు’ దీనికి మూలము. నాయకుడు వైద్యుడు. అతనికి సంతానయోగ్యత లేదని మోనిత యను వైద్యురాలు కల్పించిన అబద్ధమును నమ్మి, గర్భవతియైన భార్య దీపను శంకించి విడనాడును. దీప పాత్ర ధరించిన ప్రేమీ విశ్వనాథ్ ‘వంటలక్క’గా ఇంటింట పేరు గాంచినది, ఆ ఖ్యాతి ఆమె నటనకు తగినదే.

కాని నాయకుడు వైద్యుడు గదా! ఒక్క జన్యుపరీక్షతో బిడ్డలకు తండ్రి యెవరో తేలిపోవును. ఆ పరీక్ష యేల చేయింపడని చూచువారే పరిహాసముగా అడుగజొచ్చిరి. చేయించిన నాడు కథ ముగియుననుట తప్ప దానికి వేరు సమాధానము లేదు. నాయకుని తల్లి సౌందర్య ఉత్తమురాలు. ఆమె సైతము కవలలలో ఒక బిడ్డను తెచ్చి కొడుకు చెంత పెంచుచు, అది యెవరి బిడ్డయో చాలకాలము దాచిపెట్టెను. దుష్టులు బొంకుట వారి స్వభావము. సజ్జనులు సైతము కథను నిలబెట్టుటకై నోరు కుట్టుకొనవలసి వచ్చుట రచనాదారిద్ర్యము.

రచయితల నొక్కరినే నిందించుటకు మాకు మనసొప్పదు. దినమునకు అరగంట, వారమునకు ఐదారు దినములు, సంవత్సరముల తరబడి కథ వండి పెట్టుట సామాన్యమైన పని కాదు. బార్కు సంస్థ వారము వారము వెలువరించు ప్రేక్షకుల లెక్కలపై ప్రకటనల రాబడి ఆధారపడియున్నది. నడచుచున్న ధారావాహికను ముగించుట కాసుల గనిని చేజేతుల పూడ్చుట. బొంకు చవుక సరుకు కూడ. క్రొత్త ఊరు వలదు, క్రొత్త పాత్ర వలదు. ఒక గది, ఒక తలుపు, చాటున ఒక మనిషి ఉన్న చాలును.

మమ్ము నొప్పించునది మరియొకటి కలదు. ఈ అబద్ధములలో పెక్కు స్త్రీ శీలమును చుట్టుకొనియే యుండును. నింద వేసినవారికి నోరు కలదు. నింద పడినదానికి కన్నీరు మాత్రమే. ఆమె సహించుటను త్యాగమని వాద్యములు మ్రోగించి కీర్తింతురు. అత్తవారింట అనుమానమున వేగుచు, చెప్పవలసిన మాటను గొంతులో నిలుపుకొన్న స్త్రీలు ఈ కథలను చూచువారిలో లేరా? ఓర్చుకొనినచో వేయి భాగముల పిమ్మట నిజము తనంత తానే బయటపడునని వారికి చెప్పుచున్నాము. వారి బ్రతుకున వేయి భాగములకు తావెక్కడిది?

నిర్మాతలను మేము కోరునది స్వల్పము. ఒక్క ధారావాహికలోనైన పదియవ భాగముననే ఆమె చేత నిజము చెప్పింపుడు. టెలిఫోను మ్రోగనీయకుడు. విన్న భర్త ముఖమెట్లుండునో, అత్త యేమనునో, ఇరుగుపొరుగు ఎటు మొగ్గుదురో, ఆమె మరల ఆ గడప త్రొక్కునో త్రొక్కదో వ్రాసి చూపుడు. పదునొకండవ భాగమునకు మేము కాచుకొనియుందుము.